తిండి ఆమెది, రోడ్డు నాది

ఫిబ్రవరి మూడో శనివారం, సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలు. ఒంగోలులో జిల్లా పోటీల మైదానం. నా ఎడమ చేతిలో స్టాప్‌వాచ్ ఇంకా నడుస్తూనే ఉంది. ఆపడం మరిచిపోయాను. ఆ నిమిషంలో నేను ఒక పదిహేనేళ్ళ పిల్లకు రెండు మాటల అబద్ధం చెప్పాను. దాన్ని మోయడం మొదలుపెట్టి పదహారేళ్ళయింది.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. మా చర్చిలో ఆదివారం నాడు సాక్ష్యం చెప్పడానికి లేవమంటారు. చాలాసార్లు లేచాను. నా మోకాలి నొప్పి తగ్గిన సంగతి చెప్పాను. నా కంటి ఆపరేషను సంగతి చెప్పాను. ఇది చెప్పలేదు. చెప్పనందుకు ఎవరూ నన్ను తప్పు పట్టలేదు. తెలిస్తేగా పట్టడానికి.

ముప్పై ఒక్క ఏళ్ళు నేను డ్రిల్లు టీచర్ని. దర్శి వైపు ఒక ఆడపిల్లల హైస్కూలు. టైము, దూరం, బరువు, ఈ మూడింటిలో నేను తప్పు చెప్పనని పేరు. ఆ పేరు ఊరికే రాలేదు. నేను కొలవకుండా ఏదీ చెప్పేదాన్ని కాదు. ఇప్పటికీ అంతే. అందుకే ఈ తప్పు మామూలు మనిషి చేసిన తప్పులాంటిది కాదు. నా మాటను జనం తూకం వేసి చూసుకోరని తెలిసి ఆడిన అబద్ధం.

ఆ పిల్లను రూతు అంటాను. అసలు పేరు అది కాదు. వాళ్ళ నాన్న మిరప కోతలకు, పత్తి తీతలకు కూలి మనుషులను కుదిర్చే మేస్త్రీ. తొమ్మిదో తరగతి అయిన వేసవి సెలవుల్లో రూతు వాళ్ళ పక్కింటి కొట్టంలో ఒకటి చూసింది. గేదెకు పుట్టిన దూడ చచ్చిపోతే, దాని తోలు ఒలిచి, లోపల గడ్డి కూరి, కుట్టి, గేదె ముందు నిలబెడతారు. గేదె దాన్ని నాకుతూ చేపుతుంది. అప్పుడు పాలు పిండుకుంటారు. మా వైపు ఇది అందరికీ తెలిసిన పనే. నేనూ చిన్నప్పుడు చూసినదాన్నే, ఆ పూట పాలు తాగినదాన్నే. రూతు తాగలేదు. మరునాటి నుంచి మజ్జిగ మానేసింది. నెల తిరిగేసరికి గుడ్డు, మాంసం, చేప కూడా. క్రిస్మస్ నాడు ఇంటిల్లిపాదీ బిర్యానీ తింటుంటే అది పప్పు, గోంగూర కలుపుకుంది. బడిలో మధ్యాహ్నం పెట్టే గుడ్డును పక్క పిల్ల కంచంలో వేసేది. వీగన్ అనే మాట అప్పుడు మాలో ఎవరికీ తెలియదు. రూతుకీ తెలియదు. "వద్దండీ," అనేది. అంతే.

అది మూడు వేల మీటర్ల పరుగులో నా దగ్గరున్న పిల్లల్లోకెల్లా గట్టిది. కాబట్టి నేను ఊరుకోలేదు. పాలు లేకుండా, గుడ్డు లేకుండా ఒక పిల్ల పరిగెత్తగలదా? గదమాయించి తాగించే ముందు లెక్క వేసి చూద్దామనుకున్నాను. నలభై నాలుగు కిలోల పిల్ల. పొద్దున నీళ్ళతో కాచిన రాగి జావ, గుప్పెడు వేరుశనగ గింజలు. మధ్యాహ్నం అన్నంలోకి చారుపప్పు కాదు, గరిటె జారని ముద్దపప్పు, మునగాకో తోటకూరో వేసి. సాయంత్రం పరుగు కాగానే ఉడకబెట్టిన శనగలు, పైన నిమ్మకాయ పిండి. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఇనుము ఒంటికి పట్టాలంటే పులుపు ఉండాలి. రాత్రి జొన్నరొట్టె, మళ్ళీ పప్పు. పడుకునే ముందు నువ్వులుండ. అన్నీ తూచి కలిపితే రోజుకు డెబ్బై గ్రాముల మాంసకృత్తులకు తక్కువ కాలేదు. ఆ బరువుకు, ఆ పరుగుకు అది చాలు. ఒక్కటే లోటు. బి12 అనే విటమిన్ ఏ పప్పులోనూ ఉండదు. ఇది నాకు తెలియదు. గుంటూరు బ్రాడీపేటలో మా అక్క చూపించుకునే డాక్టరమ్మ దగ్గరికి నవంబరులో పిల్లను తీసుకెళ్ళాను, ఆవిడ చెప్పింది. వారానికొక మాత్ర రాసింది. ఆదివారం చర్చి నుంచి రాగానే రూతు ఆ మాత్ర వేసుకునేది. రక్తం పరీక్ష చేయించాను. హిమోగ్లోబిన్ పన్నెండున్నర. "ఈ పిల్లకేం ఢోకా లేదు, పరిగెత్తనివ్వండి," అంది డాక్టరమ్మ.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నాకు తెలియక అబద్ధం ఆడలేదని మీకు తెలియాలి.

జూలైలో రూతు మూడు వేల మీటర్లకు పన్నెండు నిమిషాల నలభై సెకన్లు తీసుకునేది. డిసెంబరు నాటికి పదకొండు ఇరవై రెండు. అదే తిండి మీద. జనవరి నెలాఖరుకు మళ్ళీ పన్నెండు దాటింది. తిండి మారలేదు. నిద్ర మారలేదు. మారింది ఒక్కటే, పరిగెత్తే చోటు. ఆ చోటు మార్చింది నేను.

జనవరిలో నా మోకాలు వాచింది. బడి మైదానం మా ఇంటికి రెండు కిలోమీటర్లు. మా ఇంటి వెనక మాత్రం తిన్నని రోడ్డు, మలుపు లేదు, గుంత లేదు. నేనే టేపు పట్టి కొలిచాను. తూము దగ్గర నుంచి కోల్డ్ స్టోరేజీ గేటు దాకా సరిగ్గా వెయ్యి మీటర్లు. మైదానంలో వంపుల దగ్గర పది మీటర్లు ఇటూ అటూ అవుతుంది, ఇక్కడ ఒక్క అడుగు తేడా రాదు అని అందరికీ చెప్పాను. అదీ నిజమే. మోకాలి సంగతి చెప్పలేదు. ఆ రోడ్డుకు రెండు పక్కలా మిరప కల్లాలు. కోతలు మొదలయ్యాక కాయలు ఎండబోస్తారు, తిరగేస్తారు, తాలు కాయలు ఏరతారు, బస్తాల్లోకి తొక్కుతారు. సాయంత్రం గాలి తిరిగితే ఆ దారిన వెళ్ళేవాళ్ళు తుమ్ముకుంటూ వెళ్ళాల్సిందే. రూతు దగ్గేది. మొదటి వారం పరుగయ్యాక దగ్గేది. తర్వాత పరుగులోనే. "గొంతు మండుతోందండీ," అంటే, "అలవాటవుతుంది, ఊపిరి గట్టిపడుతుంది," అన్నాను. ఎక్కడ చదివాను ఆ మాట? ఎక్కడా లేదు. అప్పటికప్పుడు పుట్టించాను.

ఇంకొకటి కూడా చెప్పాలి, చెప్పకపోతే ఇదంతా రాయడం దండగ. తూము గట్టు మీద కూర్చుని టైము చూసే ఆ ఐదు వారాలూ నేను ముక్కుకు తడి రుమాలు కట్టుకున్నాను. ప్రతి సాయంత్రం. ఇంటి దగ్గరే తడిపి, పిండి, మడిచి తెచ్చుకునేదాన్ని.

పోటీ రోజున ఏడున్నర చుట్లలో నాలుగు చుట్లు రూతు రెండో స్థానంలో ఉంది. మొదటి ఇద్దరూ రాష్ట్ర పోటీలకు వెళతారు. అక్కడ నిలిస్తే క్రీడల హాస్టల్లో సీటు. ఐదో చుట్టులో దగ్గు పట్టుకుంది. ఆరో చుట్టులో గీత దాటి పక్కకు వచ్చి, మోకాళ్ళ మీద చేతులు పెట్టి వంగిపోయింది. నేను వెళ్ళేసరికి వాళ్ళ నాన్న అక్కడున్నాడు. పొరుగూరి డ్రిల్లు మాస్టారూ వచ్చి నిలబడ్డాడు. ఆ ఏడాదంతా రూతు తిండి మీద జోకులు వేసింది ఆయనే.

"గడ్డి తిని గుర్రం పరిగెడతది గానీ పిల్ల ఎట్టా పరిగెడతదండీ మేడం గారూ?" అన్నాడు.

"ఏం మేడం గారూ, మీరే చెప్పండి. ఇది నా మాట యినదు. మా మేడం లెక్కేసింది, సరిపోద్దంది అంటది," అన్నాడు వాళ్ళ నాన్న.

రూతు తలెత్తింది. కళ్ళలో నీళ్ళు, దగ్గు వల్ల వచ్చినవి.

"నా తిండి వల్లేనా మేడం?"

"తిండి వల్లే."

"మరి లెక్క సరిపోయిందన్నారుగా?"

"మామూలుగా సరిపోద్ది. పరుగుకి చాలలా."

"పాలు తాగితే చాలుద్దా?"

"చాలుద్ది."

రూతు కింద కూర్చుని బూట్ల తాళ్ళు విప్పుకుంది. ఏడవలేదు. "అయితే పరుగే మానేస్తానండీ," అంది.

నేను అనుకున్నదేమిటి? పాలు తాగుతుంది, మార్చిలో కల్లాలు ఖాళీ అవుతాయి, దగ్గు పోతుంది, మళ్ళీ పరిగెడుతుంది, నా అబద్ధం దానికదే నిజమై కూర్చుంటుంది అనుకున్నానా? అనుకున్నానేమో. నిజానికి అంత ఆలోచన కూడా లేదు. ఆ నిమిషంలో నా ముందు రెండే ఉన్నాయి. తిండి ఆమెది, రోడ్డు నాది. ఒకదాని మీద తప్పు వేయాలి. ఆమె తిండి మీదే వేశాను.

మార్చిలో కల్లాలు ఎత్తేశారు. ఏప్రిల్ మొదట్లో, పరీక్షల రోజుల్లో, అదే రోడ్డు మీద కదిలిపోతున్న ఆటో వెనక రూతు పుస్తకాలు పట్టుకుని పరిగెత్తడం చూశాను. మూడు వందల మీటర్లకు తక్కువ ఉండదు. ఎక్కి కూర్చుంది. దగ్గలేదు. పిలవలేదు నేను. ఒక్క కేక వేసి ఉంటే సరిపోయేది. మరుసటి జనవరిలో మోకాలు ఇంకా నొప్పిగానే ఉన్నా పిల్లలందరినీ బడి మైదానంలోనే పరిగెత్తించాను. ఎందుకు మార్చారని ఎవరూ అడగలేదు. ఆ ఏడాది మా బడి నుంచి ఇద్దరు రాష్ట్ర పోటీలకు వెళ్ళారు. రూతు అంత గట్టివాళ్ళు కాదు ఆ ఇద్దరూ. నాకు శాలువా కప్పారు. కప్పించుకున్నాను.

మొన్న అక్టోబరులో సింగరాయకొండ బస్టాండులో ఒకామె వచ్చి నా చేతిలో సంచి అందుకుంది. "బాగున్నారా మేడం?" అంటే పోల్చుకున్నాను. రూతు. పక్కన ఎనిమిదేళ్ళ కూతురు. బెంచీ మీద కూర్చున్నాక స్టీలు డబ్బా తీసి ఉడికించిన గుడ్డు ఒలిచి పిల్లకిచ్చింది. మొహం పక్కకు తిప్పుకుని, వేళ్ళ చివర్లతో పట్టుకుని ఇచ్చింది.

"నేను ఇప్పటికీ ముట్టనండీ. దీనికి మాత్రం పాలు, గుడ్డు అన్నీ పెడుతున్నా. వాసన పడదు, అయినా నేనే కాస్తా. ఇది బాగా పరిగెడతది మేడం. నాలా మధ్యలో పడిపోకూడదుగా. మీరు చెప్పింది మర్చిపోలా."

ఆమె ఒంటిని ఆమె నమ్మడం లేదు. రోజూ పొద్దున్నే పొయ్యి ముందు నిలబడి నా అబద్ధాన్ని కాస్తోంది.

చెప్పాను. సాక్ష్యం చెప్పేటప్పుడు ముందు పాట పాడతారు, నేనేమీ పాడలేదు. "నీ తిండి వల్ల కాదు రూతూ. నీ తిండి సరిగ్గా ఉంది. మిరప ఘాటులో నేను పరిగెత్తించాను, దాని వల్ల," అన్నాను. రుమాలు సంగతీ చెప్పాను.

"అప్పుడే తెలుసా మేడం మీకు?"

"అప్పుడే తెలుసు."

ఆమె నా మొహంలోకి చూసింది. పిల్ల సగం తిన్న గుడ్డు అందిస్తే తీసుకుని డబ్బాలో పెట్టి మూత వేసింది. కందుకూరు బస్సు వచ్చింది. నా సంచి నా ఒళ్ళో పెట్టి, "వస్తామండీ," అంది. కిటికీ పక్కనే కూర్చుంది గానీ ఇటు చూడలేదు. చూడాలని నేను ఆశపడలేదు అంటే అది ఇంకో అబద్ధం.

క్షమించిందా? లేదు. క్షమించమని నేను అడగనూ లేదు. ఆ పిల్లకు గుడ్డు పెట్టడం మానిందో, పెడుతూనే ఉందో నాకు తెలియదు. పెట్టినా మానినా ఇక అది ఆమె తెలిసి చేసే పని. నాకు మాత్రం బరువు తగ్గింది. తగ్గే హక్కు నాకుందో లేదో నేను కొలవలేను. తగ్గిందని మాత్రం ఖచ్చితంగా చెప్పగలను.

పోయినవి ఇవి. రాష్ట్ర పోటీలకు వెళ్ళే అవకాశం ఒకటి. హాస్టల్లో సీటు వచ్చేదో రాదో నాకు తెలియదు, అందుకని దాన్ని కలపను. పరుగు, పదహారేళ్ళది. తన ఒంట్లో బలం ఉందన్న నమ్మకం, అదీ పదహారేళ్ళది. నా మాట మీద ఆమెకున్న నమ్మకం, మొత్తం. ఆమె తిన్న తిండి వల్ల పోయింది మాత్రం ఏమీ లేదు.