రెండోసారి రాలిన కన్నీరు

గొలుసుల గలగల. ఇంటి వెనక బాస్కెట్‌బాల్ రింగుకు వేలాడే ఇనప గొలుసుల వలలోంచి బంతి జారినప్పుడల్లా, వాన ఒక్క క్షణం కురిసి ఆగినట్టు ఉంటుంది.

"ఇది అంచుకు తగిలింది!" వంటగదిలోంచి, చూడకుండానే కేకవేసింది ఆర్డెల్లా స్టాంపర్.

"నీ చెవులకో దండం, మామ్మా!" అన్నాడు మనవడు టీగ్.

కెంటకీ కొండల్లోని ఆ ఊళ్ళో ఆర్డెల్లా బడి బస్సు నడుపుతుంది. ఆ సాయంత్రం పక్క రాష్ట్రపు పెద్ద కాలేజీ కోచ్ హాలిస్ వోర్, టీగ్‌ని తన బాస్కెట్‌బాల్ జట్టుకి అడగడానికి ఆమె ఇంటికి వస్తున్నాడు. జాతీయ కప్పులు గెలిచిన మనిషి. వచ్చేవారం ఒప్పంద కాగితం మీద టీగ్‌తో పాటు, వాణ్ణి పెంచిన మామ్మ కూడా సంతకం పెట్టాలి.

ఎదురింటి బర్ల్ పొద్దుటినుంచీ ట్రక్కు కడుగుతూనే ఉన్నాడు.

"బర్ల్! నీ బండి ఎర్రదా? ఇన్నేళ్ళూ మట్టిరంగనుకున్నా."

"నవ్వు, నవ్వు. డెన్నీకి అంత అన్యాయం చేసినవాడికి బీన్సు వండిపెడుతున్నావు చూడు, నవ్వాల్సింది నేను."

ఆమె నవ్వు ఆగిపోయింది. డెన్నీ ఆమె కొడుకు. వాడు టీగ్ వయసులో ఉన్న రోజుల్లో ఈ కోచే, ఇదే వంటగదిలో కూర్చుని జట్టులో చోటిస్తానని వాడికి మాటిచ్చాడు. ఆ వసంతంలో డెన్నీ మోకాలు విరిగింది. కోచ్ దగ్గర్నుంచి ఫోను మళ్ళీ రాలేదు. మంగలి షాపులో మగాళ్ళు కోచ్‌ని తిట్టినప్పుడల్లా ఆమెది ఒకటే మాట: "మా బల్ల దగ్గర ఏడ్చాడయ్యా ఆయన. మావాడి కోసం ఏడ్చాడు. కాలేజీ పైవాళ్ళే ఒప్పుకుని ఉండరు." ఆ ఒక్క కన్నీటి చుక్కని ఇన్నేళ్ళూ గాలికి దీపంలా చేతులడ్డుపెట్టి కాపాడుకుంది. టీగ్ కూతురి కొడుకు, ఇంటిపేరు వేరు. అయినా కోచ్ ఇల్లు గుర్తుపడతాడులే అనుకుంది.

కోచ్ వచ్చాడు. జుట్టు నెరిసింది. మొక్కజొన్న రొట్టె మజ్జిగలో తుంచుకుని, అచ్చం కొండవాడిలా తిన్నాడు. తిన్నాక కిటికీ వైపు చూశాడు. గొంతు తగ్గింది.

"ఇది నేను ఏ ఇంట్లోనూ చెప్పలేదమ్మా. నేను ఇల్లు వదిలిన రోజు మా అమ్మ గుమ్మంలో వంగి నా బూట్ల తాళ్ళు తనే కట్టింది. కట్టి..."

ఆగాడు. ఎడమకంటి నుంచి ఒక చుక్క జారి బుగ్గమీద నిలిచింది.

ఆర్డెల్లా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. అదే కిటికీ. అదే ఆగడం. అదే కన్ను. పెదాలు వాటంతటవే కదిలాయి.

"'విప్పేది కూడా నేనే, తిరిగి రా' అంది. అంతేనా, కోచ్ గారూ?"

ఆయన ముఖం తెల్లబోయింది. "మీకెవరు చెప్పారు?"

"మీరే. ఆ కుర్చీలోనే. మా డెన్నీకి."

"డెన్నీ..." చీకటి గదుల్లో తడుముకుంటున్నవాడిలా ఆయన కళ్ళు ఆ పేరు కోసం వెతికాయి. "ఎవరమ్మా? మా జట్టులో ఆడాడా?"

నటన కాదు. నిజంగానే తెలియదు.

"కోచ్, నా మోకాలు పోతే?" టీగ్ మెల్లగా అడిగాడు.

దానికి కోచ్ దగ్గర కథ లేదు.

"మామ్మా, సంతకం పెట్టకు." టీగ్ లేచి బయటికెళ్ళాడు. కాసేపటికి గొలుసులు గలగలమన్నాయి.

టీగ్ కొండ అవతలి చిన్న కాలేజీకి ఆడాడు. కొన్నేళ్ళకి కోచ్ పదవీ విరమణ చేసినప్పుడు దేశమంతా ఆయన గెలుపుల్ని పొగిడింది. ఆయన వెళ్ళిన ఇళ్ళవాళ్ళని అడిగి, ఆయన అసలెంత గొప్పవాడో రాసుకుందామని ఒక పత్రిక రాతగాడు ఆర్డెల్లా ఇంటికి వచ్చాడు. కాఫీ ఇచ్చి, అంతా చెప్పి, గుమ్మందాకా సాగనంపి ఆమె అంది:

"గెలిచాడని రాయి, బాబూ. అది నిజమే. కానీ ఆ కన్నీరు దొంగదని మాత్రం రాయకు. రెండుసార్లూ దగ్గర్నుంచి చూశాను. నిజమైనదే. అయినా రెండోసారికి మా డెన్నీ ఎవరో ఆయనకి తెలీదు. నాకిప్పటికీ ఒళ్ళు జలదరించేది అందుకే."