గొంగడి పంపిన దుడ్లు

నలభై ఏండ్లుగా నా ప్రాణమనుకున్న స్నేహితుడి పేరు నాకు తెలీదని మొన్న ఒక ఫోన్ యాప్ బయటపెట్టింది. నవ్వుకునేటోళ్ళు నవ్వుకోండి. కాకపోతే పూర్తిగా విన్నాక మీ ఫోన్లో ఉండే పేర్లు కూడా ఒకసారి చూసుకోండి.

మాది రాప్తాడు పక్కన సేద్యం. బోరు కింద మూడెకరాలు చెనిక్కాయ. ఊడలు దిగి కాయ పట్టే టయానికి మోటరు కాలిపోయింది. వాన జాడ లేదు. వైండింగ్ చేసే ఆయప్ప, "మామా, పని ఒక పూటే. కానీ రాగి తీగ నేను దుడ్లు పెట్టి తేవాల గదా. ముందు ఇస్తేనే చేయి పెడతా" అన్నాడు. ఇంకో నాలుగు దినాలు నీళ్ళు పారకపోతే పంట మీద ఆశ వదులుకోవాల్సిందే. మా ఇంటామె పొద్దున లేచి చేను పక్క చూసి, ఏమీ అనకుండా లోపలికి పోతాది. రెండు తిట్టినా బాగుండేది.

అట్లాంటప్పుడు నాకు గుర్తొచ్చేది ఒకడే. గొంగడి. మడకశిర పక్క గొర్రెలోళ్ళ బిడ్డ. ఆరో తరగతిలో మా హాస్టల్‌కు వచ్చిన దినం వాని భుజాన గొంగడి తప్ప ఇంకేమీ లేదు. అదే వానికి పేరయిపోయింది. నోరు మూయనని నాకు రేడియో అని పెట్టినారు. వార్డెను నంబర్లతోనే పిలుస్తాండె. వాడు ముప్పై ఒకటి, నేను ముప్పై రెండు. ఇప్పుడు వాడు దుబాయ్‌లో క్రేను తోలతాండాడు.

సంగతి చెప్తే, "దానికేంటికిరా అంత దిగులు? బ్యాంకంటే ఆలస్యం. నువ్వు క్రిప్టో యాప్ పెట్టుకున్నావని టీ అంగట్లో అందరికీ చెప్పుకుంటాంటివి గదా? ఈడ నాకూ ఉండాది. ఐదు నిమిషాల్లో వేస్తా" అన్నాడు.

నిజమే, పెట్టుకున్నా. ఆధార్, పాన్, మొగం ఫోటో అన్నీ ఇచ్చినా. దాంట్లో ఒక్క రూపాయి పెట్టింది లేదు గాని, ఉండాదని చెప్పుకునేది మాత్రం శానా చేసినా.

వాడు వేసినాడు, నాకు వచ్చింది కూడా. కానీ పక్కన 'పెండింగ్' అని ఉండాది. దాన్ని ఒత్తితే ఒక ఫారం తెరుచుకుంది. పంపింది మీరేనా, వేరే వాళ్ళా? వేరే వాళ్ళు. ఏ దేశం నుంచి? అదీ రాసినా. మీకేమవుతారు? స్నేహితుడు. పూర్తి పేరు? ధైర్యంగా 'గొంగడి' అని కొట్టి పంపించినా.

అర్ధగంటకు ఫోన్ మోగింది. హెల్ప్‌లైన్ నుంచి ఒక అమ్మాయి, కోస్తా మాట.

"సార్, పంపినవారి పేరు గొంగడి అని రాశారు. ఇంటిపేరా అండీ?"

"కాదమ్మా. కప్పుకునేది."

ఆ పాప నిదానంగా చెప్పింది. "పంపేవారు ఎవరో, తీసుకునేవారు ఎవరో రెండు వైపులా తెలిస్తేనే వదలాలి సార్. దొంగసొమ్ము చేతులు మారకుండా ఆ రూలు. ఆయన అసలు పేరు అవతలి వైపు నుంచి మాకు వచ్చింది, కానీ మేం చెప్పకూడదు. మీరే చెప్పాలి. మీ స్నేహితుడే కదా, చెప్పండి."

రేడియో అని పేరు మోసినోణ్ణి, ఆ పొద్దు "మళ్ళా చేస్తా తల్లీ" అని పెట్టేసినా.

వానికి చేస్తే స్విచాఫ్. క్రేను ఎక్కితే సాయంత్రం దాకా ఫోన్ కిందనే పెట్టాలంట. చేను గట్టు మీద కూచున్నా. వానికి వంకాయ పడదని తెలుసు. ఎడమ మోకాలి మీద మచ్చ ఎట్లా పడిందో తెలుసు, తోసింది నేనే. వాళ్ళమ్మ పోయినప్పుడు మూడు దినాలు వాని పక్కనే పడుకున్నా. ఇన్ని తెలిసినోణ్ణి, తల్లీతండ్రీ వానికి పెట్టిన పేరేందని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగే పని పడలేదు. పని పడినాక, ఇప్పుడు ఏ మొగం పెట్టుకొని అడగాల?

కడాకు మడకశిరలో ఉండే వాని పెండ్లానికి చేసినా. "అమ్మా, మీ ఆయన పేరేంది?"

"ఏమన్నా, పొద్దున్నే తాగినావా?"

"ల్యాదమ్మా, ఆఫీసులో రాయాల."

"ఆయప్ప పేరు నేనెట్లా చెప్తానన్నా? కదిరి సామి పేరు, రాసుకో."

నరసింహులు అని రాసి పంపిస్తిని. సరిపోలేదని వచ్చింది. మళ్ళా ఆమెకే చేసినా.

"నరసింహప్పనా?"

"ఊహూ."

"లక్ష్మీనరసింహ?"

"సామి ఆ సామేన్నా, పేరు అది కాదు. ఉండు, నా ఆధార్ కార్డు ఫోటో పంపిస్తా, దాని మీద రాసుండాది. నా నోటితో మాత్రం చెప్పను."

ఫోటో వచ్చింది. కాటమయ్య. కదిరి నరసింహునికి ఆ పేరు కూడా ఉండాదని నాకు తట్టనే లేదు. ఆ పేరును రెండు మూడు సార్లు చదువుకున్నా. ఎవరో కొత్తాయనను చూసినట్టుండాది.

రాసి పంపించి హెల్ప్‌లైన్‌కు నేనే చేసినా. ఆ పాపే ఎత్తింది. "పంపినవారి పేరు సరిపోయింది సార్" అనింది. ఊపిరి పీల్చుకునేలోపలే, "ఇంకో చిన్న చిక్కు" అనింది. "తీసుకునేవారి పేరు అవతల ఆయన రేడియో అని రాశారు. మీ ఆధార్‌లో ఓబులేసు అని ఉంది. అది ఆయనే అక్కడి నుంచి మార్చాలి." చెప్పేటప్పుడు పాపం, నవ్వు ఆపుకొనే దానికి శానా కష్టపడింది.

సాయంత్రం వాడే చేసినాడు. నేను నోరు తెరిచేలోపలే, "రేయ్, నీ పేరేందిరా? ఈడోళ్ళు పొద్దున మెసేజ్ పెట్టినారు. అప్పుడే నిన్ను అడగాల్సింది. సిగ్గయి, క్రేను ఎక్కేసినా" అన్నాడు.

"ఓబులేసు" అన్నా.

"నేను కాటమయ్య."

"తెలుసు. మీ ఇంటామె కార్డు పంపింది."

"పేరు బాగుండాదిరా" అన్నాడు వాడు. "నీది కూడా" అన్నా.

తెల్లారి దుడ్లు వదిలినారు. మాపిటికి మోటరు దిగింది. కాలవలో నీళ్ళు పారతాంటే మా ఇంటామె చీర దోపుకొని మళ్ళు కట్టింది. నేను గట్టు మీద కూచొని, ఇంకెప్పుడూ ఇట్లాంటి తప్పు జరక్కూడదని ఫోన్లో గొంగడి అనే పేరు తీసేసి కాటమయ్య అని పెట్టుకున్నా.

రెండు దినాలకు ఆమె అడిగింది. "ఏమప్పా, అంత సాయం చేసినోడు, నీళ్ళు పారినాయా లేదా అని ఒక ఫోనన్నా చేయలేదే?"

"అదే నేనూ అనుకుంటాండా" అన్నా. "వాడు చేయలేదు గాని, ఎవరో కాటమయ్యంట, పొద్దున్నించి ఒకటే సతాయింపు. లోన్ తీసుకోమనేటోళ్ళేమో అని ఐదుసార్లు కట్ చేసినా."