భాస్కరరావు మావ ఇంట్లో ఇరవై నిమిషాల భోజనం

మా భాస్కరరావు మావకి ఉన్నది ఒకటే జబ్బు, తొందర. పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే మనిషికి నిదానం ఉండాలా వద్దా? టెక్కలి బస్సెక్కితే సగం దారిలో ఉండే నందిగాం రాకముందే లేచి డోరు దగ్గర నిలబడతాడు. పెళ్లికెళ్తే తలంబ్రాలు పడకముందే భోజనాల పంక్తిలో ఉంటాడు.

కిందటి ఆగస్టులో కూతురు ప్రవల్లికని టెక్కలిలో పళ్ల డాక్టరు ఇందుమతిగారి దగ్గరికి తీసుకెళ్లాడు. పళ్లు ఎత్తుగా ఉన్నాయని ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడుతుంది. బీఈడీ పాసై ఒక స్కూల్లో డెమో క్లాసు చెబితే, వెనక బెంచీలకి వినబడలేదన్నారు. జూన్‌లో ఇంకోసారి రమ్మన్నారు.

డాక్టరుగారు, పళ్లమీద పెట్టుకుంటే వాటిని మెల్లగా వరసలోకి నెట్టే అద్దంలాంటి ప్లాస్టిక్ తొడుగులు చూపించారు.

"ముప్పై జతలు. రెండు వారాలకో జత మార్చాలి. పద్నాలుగు నెలలు పడుతుంది."

"ఏటీ! జూనుకి పది నెల్లేనండి ఉంది. రెండేసి జతలు ఒక్కపాలే తొడిగేత్తే?"

"జీడిపప్పు సరిగ్గా ఆరకుండానే తొక్క తీస్తే ఏమవుతుందండీ?"

మావ మొహం వేలాడేశాడు. "ముక్కలైపోద్ది."

"పళ్లతోనూ అంతే. రోజుకి ఇరవై రెండు గంటలు పెట్టుకుని ఉంచితే, పళ్లు బాగా కదిలితే, పదిరోజులకే మార్చొచ్చేమో నేను చూసి చెబుతాను."

ఆ రోజునుంచి మావ జబ్బు ముదిరింది. ఇంటికెవరొచ్చినా టీ గ్లాసు చేతికివ్వడం, "తాగీసేవా? ఇంక బయల్దేరు" అనడం. భోజనమైతే ఇరవయ్యో నిమిషానికి కంచం ఎత్తేయడమే. నిమ్మాడనుంచి వచ్చిన సొంత అక్క జోగమ్మే అలిగి, చారు పోసుకోకుండా వెళ్లిపోయింది.

ఒకనాడు నా వంతు వచ్చింది. పెరుగన్నం సగంలో ఉన్నాను.

"లెగరా బాబీ, సెయ్యి కడుక్కో."

నాకు ఒళ్లు మండింది. చెప్పులేసుకుంటుంటే కళావతి అత్త వెనకే వచ్చింది.

"ఏటత్తా ఇది? కూడు కాడ మనిషిని లేపేత్తాడా?"

"గట్టిగా అనకురా. తిన్నప్పుడు పిల్ల పళ్ల తొడుగులు తీసీయాల. మీ ముందు మళ్లీ పెట్టుకోడానికి దానికి సిగ్గు. మీరు కూకున్నంతసేపూ అదీ అలాగే కూకుంటాది. డాక్టరమ్మ సెప్పిన గంటలు తగ్గిపోతన్నాయి. పిల్ల సంగతి పదిమందికి సెప్పలేడు గదా. 'నన్నే తిట్టుకోనీ, దాన్నేటీ అడక్కుంటే సాలు' అంటాడు మీ మావ."

నాకు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లూ ఆయన తొందర చూసి నవ్వానే గాని, ఈసారి ఎవరికోసం పరిగెడుతున్నాడో ఒక్కసారీ అడగలేదు. మర్నాటినుంచి వాళ్లింటికెళ్తే నిలబడే మాట్లాడి వచ్చేసేవాణ్ణి.

రెండు నెలలు చూసి డాక్టరుగారు పదిరోజులకో జతకి ఒప్పుకున్నారు, ఆ తర్వాత ఒక్కరోజు కూడా వృథా కాలేదు. జూన్‌లో ప్రవల్లిక మళ్లీ డెమో క్లాసుకి వెళ్లింది. స్కూలు వరండాలో మావా, నేనూ కూర్చున్నాం. లోపల పాఠం చెబుతున్న ఆ పిల్ల గొంతూ, మధ్యలో తను నవ్విన నవ్వూ మాదాకా వినబడుతున్నాయి.

ఇంతలో అటెండరు బెల్లు కొట్టడానికి చెయ్యెత్తాడు. మావ పరిగెత్తుకెళ్లి ఆ చెయ్యి పట్టేసుకున్నాడు.

"ఆగు నాయినా, అంత తొందరేటి? ఇంకో రెండు నిమిషాలు సెప్పనీ."