ఓడ దిగని కాళ్లు

నిజానికి ఇది రాయకుండా ఊరుకుందామనుకున్నాను. మా డెలానీపూర్‌లో మా పక్కింటి కోచ్ మంగళవారం పొద్దున్న పోయాడు. పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు, నాకంత ఓపిక లేదు. కానీ ఆయన జట్టుకి ఏళ్ల తరబడి నిక్కర్లు కుట్టిన దర్జీని. నేను కాకపోతే ఎవరు రాస్తారు?

ఆయన రంగత్ ఊరి బడిలో బాస్కెట్‌బాల్ ఆడి, పోర్ట్‌బ్లెయిర్‌లో కాలేజీ కోచ్‌గా చేరాడు. రిటైరయ్యేదాకా ఆ కోర్టు వదల్లేదు. నిక్కర్లకి జేబులు పెట్టనిచ్చేవాడు కాదు. "జేబుంటే చెయ్యి దూరిపోద్ది భయ్యా. చేతులకి బంతి తప్ప పనేటి?" అనేవాడు. జేబు లేని నిక్కరు కుట్టడం తేలికనుకుంటారు. కాదు, పక్క కుట్టు మెలితిరుగుతుంది. సరే, అది వేరే కథ.

మా ఆవిడ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ నాకు అన్నం తెచ్చింది ఆయనే. తెచ్చి, నెమ్మదిగా తింటున్నానని తిట్టేవాడు.

ఆయనకి ఒకటే కోరిక, సముద్రం అవతల మెయిన్‌లాండ్‌లో ఒక్క మ్యాచ్ గెలవాలని. మూడు రోజులు ఓడలో ఊగినవాడికి దిగాక కూడా ఓ రోజంతా నేల ఊగుతూనే ఉంటుంది. ఇది మా దీవులవాళ్లందరికీ తెలుసు. అందుకే ఒకరోజు ముందు చేరేలా టికెట్లు తీసేవాడు. ఓడ ఆలస్యమై సరిగ్గా ఆ ఒక్క రోజునే తినేసేది. ప్రతిసారీ మొదటి మ్యాచ్‌లోనే ఇంటిముఖం.

ఆయన రిటైరయ్యే ఏడు నేనూ అదే ఓడలో విశాఖ వెళ్లాను, మేనకోడలి పెళ్లికి. జట్టులో బతు బస్తీ జాలరి కొడుకొకడుండేవాడు. పొడుగోడు అనేవాళ్లం. ఆ ఏడూ ఓడ ఆలస్యమే. రాత్రి దిగాం, తెల్లారితే మ్యాచ్. చూడ్డానికి నేనూ వెళ్లాను.

"సార్, నేల తిరిగిపోతంది. కాసేపు కూకోనీండి," అన్నాడు పొడుగోడు.

"నీ బాబు పడవ మీద నిలబడి వల లాగుతాడు. నీకు సిమెంటు మీద నిలబడ్డం రాదేటి? చల్!"

ఆఖరి నిమిషంలో వాడు ఎగిరి వేసిన బంతి రింగులో పడింది. వాడు నేల మీద పడ్డాడు, మోకాలు మెలిపడి. గెలిచారు. వాడు అరుస్తూనే ఉన్నాడు.

"అరవకురా, ఫోటో తీస్తన్నారు," అన్నాడు కోచ్. "వాణ్ణి కాస్త పక్కకి జరపండి."

ఆ ఫోటో ఆయన ముందుగదిలో గోడకుండేది. వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. "చూడండి, నా జట్టు. ఒక్కడైనా ఊగుతున్నాడా?" అనేవాడు. పొడుగోడు అందులో లేడు. మళ్లీ ఆడనూ లేదు.

ఇప్పుడు చేపలమ్ముతాడు. మంగళవారం కుంటుకుంటూ వచ్చి, మా గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, పాడెకి భుజం పెట్టాడు. మా వీధి దిగుడు. వాడు అడుగేసినప్పుడల్లా పాడె ఊగింది.

"నువ్వొద్దులేరా, పడేస్తావు," అన్నాడు కోచ్ తమ్ముడు. "పక్కకి జరుగు."

వాడు జరిగాడు. ఇంకెవరో భుజం పెట్టారు. వాడు మా గుమ్మం మీద కూర్చుని, చెప్పులు వేసుకుని, చేపల బుట్ట దగ్గరికి వెళ్లిపోయాడు.