డ్రైవరు వైపు అద్దం

మా మామ పోయారని ఫోను వచ్చినప్పుడు నేను నల్లగొండలో, పాఠాలు చెప్పే ఐటీఐలో పిల్లలకు మోటారు వైండింగు చూపిస్తున్నాను. అప్పటికి మూడు రోజులుగా ఆయన హైదరాబాదు దవాఖానలో ఉన్నారు. "బాపు లేడు" అన్నాడు నా భర్త. ఏడుపు రాలేదు. చేతిలో ఉన్న తీగను చివరిదాకా చుట్టి, అప్పుడు బయటికి వచ్చాను.

పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. అట్లా చెబితే మా మామే నమ్మేవారు కాదు. ఆయనకు నేనంటే గిట్టేది కాదు. నాకూ ఆయనంటే గిట్టేది కాదు. మాది కూలికి పోయి బతికిన క్రైస్తవ కుటుంబం. వేరే కులం, వేరే దేవుడు. మా పెళ్లికి ఆయన రాలేదు. తరువాత చిట్యాల దగ్గర ఒకే ఇంట్లో ఉన్నాం. మొదటి ఆరేళ్లు నాతో చెప్పాల్సిన మాట ఏదైనా ఉంటే కొడుకుతో చెప్పేవారు. కొడుకు లేకపోతే గోడతో.

ఆయన షాద్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీ యజమాని దగ్గర డ్రైవరుగా చేశారు. పని మానేసే రోజున యజమాని తన పాత విదేశీ కారును ఆయనకే ఇచ్చేశాడట. స్విచ్చి నొక్కితే అద్దాలు దిగే కారు ఆ రోజుల్లో మా దిక్కు ఎవరూ చూడలేదు. పొద్దున్నే తడి గుడ్డతో ఒకసారి, పొడి గుడ్డతో ఒకసారి తుడిచేవారు. ఎవరైనా దానికి ఒరిగి నిలబడితే "ఆనకు, అది గోడ గాదు" అనేవారు.

ఒక వానాకాలం ముందర డ్రైవరు వైపు అద్దం మొరాయించింది. నత్తలా పైకి లేచి, సగంలో ఆగేది. టౌను మెకానిక్ వచ్చి, అద్దం మోటారు పోయింది, ఈ కారుకు సామాను ఇప్పుడు దొరకదు, అద్దాన్ని పైకి లేపి బిగించేస్తానన్నాడు. మామ ఆ రోజు అన్నం సరిగా తినలేదు.

"ఆమె చూస్తది బాపూ. రోజూ మోటార్లే కదా నేర్పేది" అన్నాడు నా భర్త.

"దానికేం దెల్సు? తీగెలు గుంజుడు, కారు పని ఒక్కటేనా?"

నేను లోపలే ఉన్నాను, అంతా వినిపించింది. పంతం కొద్దీ మీటరు, స్క్రూడ్రైవరు పట్టుకుని బయటికి వచ్చాను.

ముందు రెండు వైపుల స్విచ్చిలు అటూ ఇటూ మార్చి చూశాను. తేడా లేదు. అంటే స్విచ్చి మంచిదే. తలుపు లోపలి వైపు డోరు ప్యాడు ఊడదీస్తుంటే "మెల్లగ తియ్యమను, ఇరుగుతది" అన్నారు కొడుకుతో. మోటారు దగ్గర మీటరు పెట్టాను, కరెంటు నిండుగా వస్తోంది. అద్దాన్ని మోటారు నుంచి విడదీసి స్విచ్చి నొక్కితే మోటారు గిర్రున తిరిగింది. ఇక మిగిలింది అద్దం జారే గాడి. వేలు పెట్టి చూస్తే నల్లటి జిగురు బంక వచ్చింది.

"దీంట్ల ఆయిల్ ఎవరు పోసిన్రు మామా?"

ఆయన గుడ్డ తీసుకుని, తుడిచిన బానెట్టునే మళ్లీ తుడిచారు.

"నేనే పోసిన" అన్నారు. "నెలకోపాలి పోస్త. జారాలె గదా."

"ఆయిలుకు దుమ్ము పట్టి గడ్డ కట్టింది. మోటారు మంచిగనే ఉంది. దాని గొంతు పిసికింది మీరే."

ఆ మాట అంటున్నప్పుడు నాకు ఎంత హాయిగా ఉందో దాచను. ఆయన ముఖం ఎర్రబడింది. ఆరేళ్లలో మొదటిసారి నేరుగా నా వైపు తిరిగారు.

"నలభై ఏండ్లు నడిపిన. నాకు జెప్తవా నువ్వు?"

"తప్పయితే చెప్త."

సబ్బు నీళ్లతో గాడి మొత్తం కడిగి, ఆరబెట్టి, రబ్బరుకు పట్టించే మందు కొట్టి, అద్దం బిగించాను. ఆయన లోపల కూచుని నాలుగుసార్లు దింపి, ఎత్తారు. సాఫీగా లేచింది. దిగి తలుపు వేసి, "మిగిలినయి గూడ జూడు" అని లోపలికి వెళ్లిపోయారు. అదే ఆయన మెచ్చుకోలు. ఆ తరువాత బోరు స్టార్టరు, మిక్సీ, టార్చిలైటు, ఏది చెడినా నా ముందు పెట్టి, బాగయ్యాక "మొన్న జేసింది గూడ గిట్లనే ఆగమైంది" అని తిట్టేవారు. కానీ ఇంకెవరి దగ్గరికీ తీసుకుపోలేదు. ఇప్పుడు ఆ ఇంట్లో ఏది చెడినా తిట్టేవాళ్లు లేరు.

పోవడానికి మూడు రోజుల ముందు, ఆయనకు ఛాతీలో నొప్పి వచ్చిన పొద్దున నా భర్త డ్యూటీలో ఉన్నాడు. ఆయనను వెనక సీటులో పడుకోబెట్టి ఆ కారు నేనే నడిపాను.

"గేరు మార్చు. గిట్ల నడిపితే దవాఖానకు నేను గాదు, నా శవం పోతది."

"నోరు మూసుకొని పండుకోండ్రి మామా."

హైవే మీద ఒక బస్సు హారను కొడుతూ పక్కనుంచి మా మీదికి వచ్చింది. డ్రైవరు నన్ను చూసి నవ్వుతూ ఏదో అన్నాడు. నేను చేతులు బిగించి ముందుకే చూస్తున్నాను. వెనక తలుపు అద్దం దిగిన చప్పుడు వినిపించింది.

"ఆడమనిషి నడుపుతాందని మీదికి తెస్తున్నవురా? ఆపు బండి! దిగు, నీ సంగతి జెప్త!"

బస్సు వెనక్కి తగ్గింది. వెనకది చూపించే అద్దంలో చూశాను. ఒక చెయ్యి ఛాతీ మీద ఉంది. తల, రెండో చెయ్యి కిటికీ బయట ఉన్నాయి. గాలికి తెల్ల జుట్టు లేస్తోంది, మెడలో తువ్వాల కొట్టుకుంటోంది. ఎప్పుడో వెనకబడిపోయిన బస్సుకు ఆయన ఇంకా వేలు చూపిస్తూనే ఉన్నారు.