రెండు వేళ్ళ దూరం

గురి పెద్దయ్య అంటే ఆ తీరంలో తెలియనివాళ్ళు లేరు. ఎవరైనా ఉన్నా ఆయనే పిలిచి కూర్చోబెట్టి చెప్పేవాడు. నలభై రెండేళ్ళు సముద్రం మీద తిరిగి ఒక్కనాడూ ఖాళీ వలతో ఒడ్డెక్కలేదు. పెనుగాలి వచ్చిన ఏడాది, చేతిలో తెడ్డు కూడా కనపడని వానలో, తన పడవ వెనకాల ఆరు పడవలను కోడిపిల్లల్లా నడిపించుకొచ్చాడు. అందుకు మత్స్యశాఖవాళ్ళు ఇచ్చిన మెచ్చుకోలు పత్రం ముందుగదిలో అద్దం పక్కన చట్రం కట్టి ఉంది. చదివింది ఊరి బడిలో అయిదో తరగతే. అయితేనేం, పటంలో కొండను తూర్పుకు గీసిన మాస్టారికి లేచి నిలబడి, అది ఈశాన్యాన ఉందండీ అని చెప్పాడు. మాస్టారు ముందు చెవి మెలిపెట్టి, మర్నాడు స్వయంగా వెళ్ళి చూసొచ్చి, పటం దిద్దుకున్నాడు. ఈ మూడు సంగతులూ వినకుండా ఆ ఇంట్లో టీ తాగి లేచిన మనిషి లేడు.

ఖాళీ వలతో ఒడ్డెక్కకపోవడానికి కారణం మాత్రం ఎవరికీ చెప్పేవాడు కాదు. ఒడ్డు నుంచి సముద్రంలోకి బాగా దూరాన, ఇరవై బారల లోతున, ఇసుక మధ్యలో రెండు గదులంత రాళ్ళగుట్ట ఒకటి ఉంది. ఇంట్లో దాన్ని 'మన రాయి' అనేవాళ్ళు. చేప దాన్ని విడిచిపెట్టి పోదు. పైన చూస్తే నీళ్ళు నీళ్ళలాగే ఉంటాయి. దాన్ని కనిపెట్టిన తాత తండ్రికి ఇచ్చాడు, తండ్రి ఈయనకు ఇచ్చాడు. ఇవ్వడమంటే గుర్తులు చెప్పడమే. పంపుహౌసు పొగగొట్టం కొండ నెత్తిన కోసినట్టున్న గంటులో కుదురుకునేలా చూసుకుని, ఆ వరస తప్పకుండా సముద్రంలోకి వెళ్ళాలి. వెళ్తూ ఉత్తరాన గట్టు మీదున్న రెండు తలల చెట్టును కనిపెడుతూ ఉండాలి. వెనకున్న పాత గోదాము తెల్లగోడకు అది మొదట దూరంగా ఉంటుంది. పడవ కదిలేకొద్దీ దగ్గరవుతుంది. చెట్టు గోడ అంచుకు తగిలిన చోట లంగరు వెయ్యాలి. కింద రాయి ఉంటుంది.

ఈ గుర్తుల విషయంలో పడవలవాళ్ళకు కట్టుబాట్లున్నాయి. గుర్తును ఒడ్డున చెప్పకూడదు. సముద్రం మీద, ఆ చోటనే, ఒక్క మనిషికే, చెవిలో చెప్పాలి. ఎవరైనా అడిగితే తప్పుడు గుర్తు చెప్పాలి. అది అబద్ధం కిందకి రాదు. అడిగినవాడు కూడా నిజం వస్తుందనుకొని అడగడు.

పెద్దయ్య కొడుకుకు ఇరవై ఆరేళ్ళు వచ్చాయి. పడవ ఇంజను తిప్పడంలో దిట్ట. వాణ్ణి రాయి మీదికి వందసార్లు తీసుకెళ్ళినా, వాడిని వల వైపు తిప్పి కూర్చోబెట్టి, గుర్తులు తన కళ్ళలోనే ఉంచుకున్నాడు పెద్దయ్య. "వాడి నోట్లో నువ్వుగింజ నానదు. ఇంకో ఏడాది పోనీ," అనేవాడు. అలా ఏడేళ్ళు పోయాయి.

అప్పుడు కంపెనీ వచ్చింది. సముద్రాలవతల ఎక్కడో ఉన్న కంపెనీ. ఇక్కడ పెద్ద ఓడలు ఆగే రేవు కడుతుందని, గట్టు దగ్గర్నుంచి పంపుహౌసు దాకా నేల చదును చేస్తుందని కాగితాలు అంటించారు. మొదట ఇనుపకంచె వచ్చింది, దాని వెనక రేకు గదులు, వాటి వెనక పసుప్పచ్చ యంత్రాలు. ఒక సర్వే అమ్మాయి పడవల యజమానులను బడి వరండాలో కూర్చోబెట్టి మాట్లాడింది. మర్యాద తెలిసిన పిల్ల.

"మీ పడవల దారికి పనికొచ్చే చెట్లుంటే చెప్పండి. పడవకు మూడు. వాటికి నంబరు రేకు కొట్టి వదిలేస్తాం. మిగతావన్నీ తీసేస్తారు," అంది. "పెద్దయ్య గారూ, ముందు మీరే చెప్పాలి."

ముందు నువ్వే అంటే పెద్దయ్య ఆగగలడా? లేచి పైపంచె సర్దుకున్నాడు. పదమూడు మంది యజమానులు ఊపిరి బిగబట్టి ఆయన వేలి వంకే చూస్తున్నారు. అందరికంటే ముందు వరసలో బావమరిది ఉన్నాడు. ముప్పయ్యేళ్ళుగా ఆ రాయి ఎక్కడుందో తెలుసుకోవాలని చూస్తున్నవాడు. పెద్దయ్య వేలు తాపీగా లేచి, గట్టు వైపు ఒక్క క్షణం ఆగినట్టే ఆగి, వలల పాక వెనకున్న మూడు గిడసబారిన చెట్ల మీద వాలింది.

"అవి మూడూ. వాటిని కొడితే మా పొయ్యి ఆరినట్టే," అన్నాడు గొంతు కూడా కాస్త బొంగురు చేసి.

అమ్మాయి రాసుకుంది. పెద్దయ్య సంతకం పెట్టాడు. ఆ తర్వాత బావమరిది లేచాడు, తర్వాత మిగిలినవాళ్ళూ లేచి తలా మూడు చెట్లు చూపించారు.

ఆ సాయంత్రం పెద్దయ్య ఇంట్లో నవ్వాగలేదు. "మీ తమ్ముడు రేపు పొద్దున్నే ఆ మూడు చెట్లూ పట్టుకుని సముద్రమంతా వెతుకుతాడు చూడు. పాపం, ఎండకు తోలు ఊడుతుంది."

ఆయన భార్య గుమ్మంలో కూర్చుని వల కుడుతోంది. సూది ఆపకుండానే అడిగింది. "మిగతావన్నీ కొట్టేస్తామందట కదయ్యా ఆ పిల్ల?"

"అంటుంది. అనడానికేం?"

"మరి మనదానికి నంబరు ఎవరు కొట్టారు?"

పెద్దయ్య నవ్వు అక్కడితో ఆగింది. "వాళ్ళు కొట్టేసరికి ఏళ్ళు పడుతుందిలేవే. బస్సు రోడ్డు చూశావుగా. వేస్తాం వేస్తాం అని పదేళ్ళు అయింది."

"ఆ రోడ్డు వేసేది మనవాళ్ళు. ఇది వేసేది డబ్బున్నవాళ్ళు," అని ఆవిడ దారం పంటితో తెంపింది.

మూడో రోజు పొద్దున యంత్రం ఒకటి వాళ్ళ వీధిలోంచే వెళ్ళింది. గోడ మీది మెచ్చుకోలు పత్రం చట్రం టకటకా కొట్టుకుంది. పెద్దయ్య ఉతికిన చొక్కా వేసుకుని కంపెనీ రేకు గదికి బయలుదేరాడు. గుమాస్తా ఒక్కడే ఉన్నప్పుడు చెవిలో చెప్పి రావాలని ఆయన ఆలోచన.

గది చల్లగా ఉంది. కుర్చీల వరసలో బావమరిది కూర్చుని ఉన్నాడు.

"ఏం బావా, ఇలా వచ్చావు?"

"బయట ఎండగా ఉంటేనూ. నువ్వో?"

"నేనూ అంతే. కాస్త చల్లబడి పోదామని."

ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. నువ్వు లేస్తే నేను లేస్తానని ఇద్దరికీ ఉంది. ఇంతలో మరో యజమాని తలుపు తోసి, లోపలున్న ఇద్దరినీ చూసి, వెనక్కి పోబోయి, పోతే బాగుండదని వచ్చి కూర్చున్నాడు. అతనికీ ఎండేనట. పదకొండు గంటలయ్యేసరికి పద్నాలుగు పడవల యజమానులూ ఆ గదిలో ఉన్నారు. ఆరు కుర్చీలే కావడంతో మిగతావాళ్ళు గోడకు చేరగిలబడ్డారు. ఎవరూ ఎవరి ముఖమూ చూడడం లేదు.

గుమాస్తా తలెత్తాడు. "ఎవరికైనా పని ఉందా, లేక ఊరంతా చల్లబడడానికే వచ్చారా?"

ఆ మాటకు అందరూ పెద్దయ్య వంక చూశారు. ఆయన లేచి మేజా దగ్గరికి వెళ్ళి, గొంతు తగ్గించి, "మా చెట్టు ఒకటి మారిందండి," అన్నాడు.

"మారిందా? నడిచి వెళ్ళిందా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మరుక్షణం బావమరిది వచ్చి పక్కన నిలబడ్డాడు. "మాదీ మారిందండి." ఆ తర్వాత మూడోవాడు వచ్చాడు. గుమాస్తా కాగితాల కట్ట తిరగేసి, తల పట్టుకుని, మళ్ళీ లెక్కపెట్టాడు.

"పద్నాలుగు పడవలు, నలభై రెండు చెట్లు. మీరు వేలు పెట్టి చూపించినవే. సంతకాలూ మీవే. ఒక్కటంటే ఒక్కటీ నిజం కాదా?"

గుమాస్తా చెడ్డవాడు కాడు. అందరికీ మంచినీళ్ళు తెప్పించాడు. సర్వే అమ్మాయిని వేరే తీరానికి పంపేశారట. జాబితా ఆ రాత్రే కంప్యూటర్లో అవతలి దేశానికి వెళ్ళి, ముద్ర పడి తిరిగొచ్చిందట. ముద్ర పడ్డాక మార్చాలంటే అర్జీ రాసి మళ్ళీ అక్కడికే పంపాలి, ఆరు వారాలు పడుతుంది.

"కోత ఎప్పుడు?" అన్నాడు పెద్దయ్య.

"గట్టు మీదా? పది రోజుల్లో."

"మేమే ఒక రేకు కొట్టుకుంటే?"

"కొట్టుకోండి. నంబరు జాబితాలో లేకపోతే రేకుతో సహా కొట్టేస్తారు. ఇప్పుడు మీరు నిజం చెబుతున్నారని మాత్రం నాకు నమ్మకమేమిటి పెద్దయ్యా?"

పెనుగాలికి ఎదురు నిలబడినవాడు, మాస్టారి పటం దిద్దించినవాడు, మంచినీళ్ళ గ్లాసు మేజా మీద పెట్టి బయటికొచ్చాడు. కంచె దాకా బావమరిది కూడా వచ్చాడు.

"బావా, వలల పాక వెనక చెట్లు పట్టుకుని రెండు రోజులు తిరిగాను," అన్నాడు. "డీజిలు దండగ."

"తెలుసురా," అన్నాడు పెద్దయ్య. ఇద్దరికీ నవ్వు రాలేదు.

ఇంటికి రాగానే కొడుకును పిలిచాడు. "రేపు రాయి దగ్గరికి పోదాం. ఆ ఫోను కూడా తెచ్చుకో." కొడుకు ఏడేళ్ళుగా ఆ మాటే అడుగుతున్నాడు. ఒక్కసారి రాయి మీదికి ఫోను తేనివ్వు నాన్నా, నొక్కితే దాంట్లో చుక్క పడుతుంది, ఇక చెట్లతో పని లేదు అని. ఫోనులో పెడితే సంతలో పెట్టినట్టే అని పెద్దయ్య కొట్టిపారేసి, పడవెక్కే ముందే దాన్ని ఇంట్లో పెట్టించేవాడు.

మర్నాడు పోవడానికి సముద్రం ఒప్పుకోలేదు. ఆ వేకువనే అల లేచింది. ఇల్లంత అలలు వరసగా వచ్చి ఒడ్డును కోస్తున్నాయి. ఏ పడవా దిగలేదు. ఎనిమిది రోజులు పెద్దయ్య తీరాన నిలబడి, ఒకసారి అల వంక, ఒకసారి గట్టు మీద రెండు తలల చెట్టు వంక చూశాడు. చెట్టు ఉంది. యంత్రాలు దక్షిణం నుంచి వస్తున్నాయి. "ఇంకా దూరమేలే," అని కొడుక్కి చెప్పేవాడు. చెప్పి మళ్ళీ లెక్క చూసుకునేవాడు.

తొమ్మిదో రోజు తెల్లారేసరికి సముద్రం పళ్ళెంలా పరుచుకుంది. తండ్రీకొడుకులు పడవ దింపారు. పొగగొట్టం గంటులో కుదిరింది. మొదటిసారిగా పెద్దయ్య కొడుకును ఒడ్డు వైపు తిప్పి కూర్చోబెట్టాడు.

"ఆ రెండు తలలది చూడు. చెయ్యి చాపి, వేళ్ళు అడ్డం పెట్టు. గోడకూ దానికీ మధ్య ఎన్ని?"

"అయిదు వేళ్ళు, నాన్నా."

"అవి మూసుకుపోవాలి. పోనియ్యి మెల్లగా."

నాలుగు వేళ్ళయింది. కొడుకు ముఖంలో వెలుగు చూసి పెద్దయ్య పెనుగాలి కథ అందుకున్నాడు. కొడుకు వినలేదు, చెట్టునే చూస్తున్నాడు. మూడు వేళ్ళయింది. ఎండ గట్టు మీదికి ఎక్కింది. అక్కడ పసుప్పచ్చగా ఏదో కదిలింది. పెద్దయ్య కథ ఆపాడు.

"ఇంజను పెంచు."

రెండు వేళ్ళు. రెండు తలలూ ఒకసారి ఊగాయి. అంత దూరం నుంచి చప్పుడేమీ వినపడలేదు. ఒక తల వంగింది, దాని వెంట రెండోదీ. గట్టు అంచు నున్నగా మిగిలింది. వెనక గోదాము గోడ మాత్రం ఎప్పటిలా తెల్లగా ఉంది.

కొడుకు ఇంజను ఆపాడు. చాపిన చేతిని ఇంకా దించలేదు. "నాన్నా, ఇక్కడి నుంచి ఇంకెంత దూరం?"

"చెట్టు గోడకు తగిలేంత దూరం," అన్నాడు పెద్దయ్య. నలభై రెండేళ్ళలో ఆ దూరాన్ని వేరే కొలతతో కొలిచే అవసరం ఆయనకు రాలేదు.

పెద్దయ్య సీసపు గుండు తీసి, అడుగున సబ్బు అద్ది, తాడు వదిలాడు. రాయికి తగిలితే సబ్బు గీసుకుపోతుంది, ఇసుకైతే అంటుకుని వస్తుంది. ఇసుక వచ్చింది. పొగగొట్టం వరస తప్పకుండా కాస్త ముందుకు జరిగి మళ్ళీ వేశాడు. ఇసుకే. నీటి వాలు పడవను పక్కకు లాగుతోంది. జరిగినప్పుడల్లా ఎంత జరిగిందీ తెలియడం లేదు. గుండు వేసిన చోటల్లా కొడుకు ఫోను నొక్కాడు. మధ్యాహ్నానికి ఫోనులో ముప్పై ఒక్క చుక్కలు పడ్డాయి. ముప్పై ఒక్కటీ ఇసుకే.

"రేపు మళ్ళీ వద్దాం నాన్నా. ఇక్కడే ఎక్కడో ఉంటుంది."

"ఉంటుంది. అది ఎక్కడికీ పోదు," అన్నాడు పెద్దయ్య.

సబ్బు అయిపోయింది. పెద్దయ్య గుండును ఒళ్ళో పెట్టుకుని కాసేపు గట్టు వైపు చూశాడు. తర్వాత కొడుకును దగ్గరికి రమ్మన్నాడు. చుట్టుపక్కల పడవ లేదు, మనిషి లేడు. అయినా చెయ్యి అడ్డం పెట్టుకుని, తన తండ్రి చెప్పినట్టే, వాడి చెవిలో చెప్పాడు.

"పొగగొట్టం గంటులో కూర్చోవాలి."

"కూర్చోవాలి."

"రెండు తలల చెట్టు గోదాము గోడ అంచుకు తగలాలి."

కొడుకు గట్టు వైపు చూశాడు. "తగలాలి," అన్నాడు.

"ఎవరికీ చెప్పకు."

"చెప్పను నాన్నా."

పెద్దయ్య సీసపు గుండుకు అంటుకున్న ఇసుకను బొటనవేలితో గీకి నీళ్ళలో వదిలాడు. కొడుకు పడవను ఒడ్డుకు తిప్పాడు. ఎదురుగా వలల పాక వెనక మూడు గిడసబారిన చెట్లు, నంబరు రేకులు ఎండకు మెరుస్తూ, చెక్కుచెదరకుండా నిలబడి ఉన్నాయి.