పైకి లేచిన గీత
ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయిని తలచుకుంటే, ఫోను నా ముఖం ముందు పెట్టి "చూడక్కా, గీత ఎట్ల ఎక్కుతుందో" అని మురిసిపోవడమే ముందు గుర్తొస్తుంది.

ఆమెకు తొలిచూలు. వేవిళ్లతో బాగా చిక్కిపోయింది. బరువు పెరగాలని డాక్టరమ్మ చెబితే ఫోనులో ఒక యాప్ పెట్టుకుంది. అది వేళకు తినమని గుర్తుచేసేది, రోజూ చూసుకున్న బరువును గీతగా చూపేది. గంట మోగిందంటే మీటింగు మధ్యలోనైనా ఉడికిన గుడ్డు వలుచుకుని తినేది. నిజంగానే బుగ్గలు నిండాయి.

ఏడో నెలలో ఒక వారం ఆ గీత ఉన్నట్టుండి పైకి లేచింది. యాప్ శభాష్ అంది. ఆమె మా అందరికీ మిఠాయి పంచింది. పాదాలు చెప్పుల్లో పట్టడం లేదని, తల పగిలిపోతోందని చెబుతూ కూడా నవ్వింది.

"ఇవాళే దవాఖానకు వెళ్లవే," అన్నాను.

"ఎల్లుండి చెకప్ ఉందక్కా. ఫికర్ చెయ్యకు."

మర్నాడు సీట్లోనే ఫిట్స్ వచ్చి పడిపోయింది. బీపీ పెరిగి ఒంట్లో నీరు చేరిందని, ఆ వారం పెరిగింది బిడ్డ బరువు కాదని డాక్టరమ్మ చెప్పింది. ఆమె దక్కింది. కడుపులోని బాబు దక్కలేదు.

కొన్నాళ్లకు గోపన్‌పల్లిలో వాళ్లింటికి చూడబోయాను. ఆమె మంచం మీద ఉంది. పక్కనే కూర్చున్న భర్త చెయ్యి చాచి, "ఫోన్ ఇటియ్యి, ఆ యాప్ తీసేస్త," అన్నాడు.

ఆమె ఫోనును గుండెకు అదుముకుంది.

"తియ్యకు. మనోడు పెరిగిందంతా గిందులనే ఉంది. ఇంకేడుంది మనకు?"

ఆయన చాచిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.